నేల కింద పాదాలు

మా నాయిన పాదాలు నేల కింద ఉన్నాయని మా గైడ్ మేడం కంప్యూటర్ తెర మీద పెన్ను ఆనించి చూపించింది. "పాయ జమినీఖాలీ గేలే!" అంది మరాఠీలో. కాళ్లు భూమిలోకి దిగిపోయాయి, ఎక్కడో లెక్క తప్పావు, సరిచేసుకుని రా అని. నేను సిగ్గుతో తల ఊపి వచ్చేశాను. మరాఠీ గడ్డ మీద, మన తెలుగు నేతగాళ్లుండే దాజీ పేట్‌లో గుంత మగ్గం పక్కన పుట్టినదాన్ని నేను. ఆ గుంత అంచు పట్టుకునే నిలబడడం నేర్చుకున్నాను. రెండుసార్లు అందులో పడ్డాను, రెండోసారి ముందుపన్ను ఊడింది. అలాంటి నాకు కూడా, గుంత మగ్గం నేసే మనిషి పాదాలు నేల కింద కాక ఇంకెక్కడ ఉంటాయన్న ముక్క ఆ రోజు తట్టలేదు.

ఈ సంగతి దాచుకోవలసిన అవసరం నాకిప్పుడు లేదు. చివరికి గెలిచాం కాబట్టి పప్పులో కాలేసిన ముచ్చట కూడా ధైర్యంగా చెప్పుకుంటాను.

మా ఇంటి ముందుగదిలో సగం మగ్గమే. నేల మీద ఒక పలక, పలక ముందు గుంత. నాయిన పలక మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి, అడుగున ఉన్న తొక్కుడు చెక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతాడు. తొక్కినప్పుడల్లా పడుగు దారాలు విచ్చుకుంటాయి, ఆ సందులోంచి నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకి దూసుకుపోతుంది. మా గల్లీలో మిగతావాళ్లంతా ఎప్పుడో కరెంటు మగ్గాలకి మారిపోయారు. గోడ అవతలి చప్పుడు పగలంతా మా మాటల్లో కలుస్తూనే ఉంటుంది. నాయిన మాత్రం మారలేదు. "గాడ మిషిన్ నేస్తది, మనిషి చూస్తడు. నాకు చూసుడు రాదు" అనేవాడు.

అలాంటి మనిషికి కుడి తుంటి పట్టేసింది, దాని వెనకే మోకాలు. పొద్దుగూకే వేళకి గుంతలోంచి లేవాలంటే అమ్మ వచ్చి రెండు చేతులూ పట్టి లాగాల్సి వచ్చేది. డాక్టరు చూసి, వయసు మీద పడింది, ఇక కింద కూర్చునే పని వద్దన్నాడు. ఆ మాట అమ్మ కొంగున ముడేసుకుంది. గడప పక్కన కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ, చేతులు ఆపకుండానే తీర్పు చెప్పేసింది. "మగ్గం మీదున్న పడుగు అయిపోనీ. కొత్తది ఎక్కిచ్చేది లేదు. గుంత పూడ్పిస్త." తాపీపని చేసే గవండీకి కబురు కూడా పంపింది.

పడుగు మీద అప్పటికి ఇంకా ఆరు చీరలున్నాయి. అంటే నాయినకి జన్మలో మిగిలిన నేత ఆరు చీరలే.

ఆయన అమ్మకి ఎదురు చెప్పలేదు. నాతో మాత్రం ఒకసారి అన్నాడు. "గుంత పూడ్చినంక నేను యాడ కూసోవాలె బిడ్డా?" ఇంట్లో చోటుకేం కొదవ లేదు, మంచం ఉంది, కుర్చీ ఉంది. కానీ ఆయన అడిగింది ఆ చోటు కాదు. ఆయన అంత దీనంగా అడగడం నేనెప్పుడూ వినలేదు. మర్నాడే కాలేజీకి వెళ్లి నా ఎం.టెక్. ప్రాజెక్టు అంశం మార్చేశాను. మనుషుల నడక మీద చేద్దామనుకున్నది కాస్తా, మగ్గం మీద కూర్చున్న మనిషి కదలిక మీదికి వచ్చింది.

మేం వాడే సాఫ్ట్‌వేర్‌లో ఒక అస్థిపంజరం ఉంటుంది. మనిషి ఒంటికి అగ్గిపెట్టెంత సెన్సర్లు బెల్టులతో కట్టి పని చేయిస్తే, తెర మీద ఆ అస్థిపంజరం కూడా అదే పని చేస్తుంది. ఏ కీలు ఎంత వంగుతోందో, ఎక్కడ ఎంత భారం పడుతోందో లెక్క కట్టి చూపిస్తుంది. నాయిన నడుముకి, తొడలకి, పిక్కలకి, పాదాలకి బెల్టులు కట్టి ఒక చీర కొంగు నేసినంతసేపు రికార్డు చేశాను. ఆ సెన్సర్లు ఎముక ఎటు తిరిగిందో చెబుతాయి కానీ, మనిషి ఎక్కడ కూర్చున్నాడో చెప్పలేవు. అది మనమే చెప్పాలి. నేల మీద కూర్చున్నాడు అని నేను చెప్పాను. దాంతో కాళ్లు నేల కిందికి పోయాయి. దాన్నే మేడం తప్పు పట్టింది.

నేనేం చేశాను? మొత్తం మనిషినే పైకి ఎత్తేశాను. ఒక అంకె మారిస్తే చాలు. పాదాలు నేలకి తగిలాయి, లెక్క కుదిరిందని మురిసిపోయాను. ఇంటికి తెచ్చి నాయిన ముందు లాప్‌టాప్ తెరిచాను.

ఆయన ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా వంగి చూశాడు. ఒక ఎముకల మనిషి, కింద ఏ ఆధారమూ లేకుండా, నేలని టపటపా తొక్కుతున్నాడు.

"గీయిన ఎవరు?"

"నువ్వే నాయినా."

"నేనా? నన్ను గాల్ల కూసోబెట్టినవేందే?" అన్నాడు. మళ్లీ చూశాడు. "నా గుంత ఏది?"

తల కొట్టేసినట్టయింది నాకు. మేడం మీద, సాఫ్ట్‌వేర్ మీద, అన్నిటికంటే నా మీద నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు మేడం దగ్గరికి వెళ్లి, పాదాలు నేల కిందే ఉంటాయి, అదే ఒప్పు అన్నాను. గొంతు కొంచెం పెద్దదైందని తర్వాత తోటివాళ్లు చెప్పారు. మేడం కోప్పడలేదు. "అయితే గుంత చూపించు. గుంత కనబడనంత వరకు చూసేవాళ్లకి అది తప్పులాగే ఉంటుంది" అంది. ఆవిడ అన్న మాట న్యాయమే. అక్కడి నుంచి నా అసలు పని మొదలైంది.

ఆ అస్థిపంజరంలో ఒక్కో ఎముకకి ఒక్కో బొమ్మ ఫైలు ఉంటుంది. ఏ ఎముకకి ఏ బొమ్మ తొడగాలి, ఎంత పొడుగు, ఏ రంగు అన్నది ఇంకో ఫైల్లో రాసి ఉంటుంది. మామూలుగా అందరూ దాంట్లో వేలు పెట్టరు. అందులో ఉన్నవాడు ఎక్కడి మనిషో గానీ ఆజానుబాహువు, పిక్క ఎముకే మా నాయినకి మోకాలు దాటి వచ్చేలా ఉంది. ముందు వాణ్ని మా నాయిన కొలతలకి కుదించాను. ఆ తొందరలో పుర్రె ఫైలు పేరు రాయడంలో ఒక అక్షరం తప్పాను. పేరు తప్పితే ఆ సాఫ్ట్‌వేర్ గొడవ చేయదు, ఆ ఎముకని గీయకుండా ఊరుకుంటుంది. నాయిన చూసి, "తలకాయ లేకున్నా నేస్తనే ఉన్న చూడు! మీ అమ్మ ఎప్పటిసంది జెప్తున్నది గదా నాకు తలకాయ లేదని" అని పడీ పడీ నవ్వాడు. ఆయన అలా నవ్వి చాలా నెలలైంది. పుర్రె ఆ పూట అలాగే వదిలేశాను.

నవ్వనిది అమ్మే. మా ఇళ్లల్లో ఎముకని బొక్క అంటాం. కోస్తా వాళ్లతో అంటే చిల్లు అనుకుంటారు, అది వేరే సంగతి. "బతికున్న మనిషిని బొక్కలు జేసి ఆడిస్తున్నవు, బుద్ధుందా? గట్ల తెల్లటి బొక్కలు స్మశానంల ఉంటయి" అని నా మీద విరుచుకుపడింది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు మా పేటలో లేరు. రంగు మార్చాను. మగ్గం మీదున్న చీర రంగునే, ముదురు మెరూన్‌ని, ఎముకలన్నిటికీ వేశాను. అమ్మ ఓరగా చూసి, "ఇగ నయం" అంది.

అసలు తంటా కుడిపాదం దగ్గర వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పాదంలో వేళ్లన్నీ కలిపి ఒకే ముద్ద. మా నాయిన కుడికాలి బొటనవేలు పక్కవేళ్లతో పడక వేరు కాపురం పెట్టినట్టు ఎడంగా ఉంటుంది. ఇన్నేళ్లు చెక్కని ఆ వేలితో పట్టి తొక్కీ తొక్కీ అలా అయింది. లెక్కలకి ఆ వేలుతో పనేం లేదు, మేడం కూడా వదిలెయ్ అంది. నేను వదలలేదు. ఆ ముద్దని కోసి, బొటనవేలుని వేరుచేసి, పక్కకి తిప్పి కూర్చోబెట్టేసరికి నాలుగు రోజులు పట్టింది. ఈలోగా నాయిన రెండో చీర కూడా దించేశాడు. ఇంకా నాలుగే ఉన్నాయి.

తెర మీద ఆ పాదాన్ని పెద్దది చేసి చూపించాను. ఆయన దాన్ని చూశాడు, కాలు చాపి తన వేలుని చూసుకున్నాడు, మళ్లీ దాన్ని చూశాడు.

"గిది నా ఏలే" అన్నాడు మెల్లగా. "వీడు మనోడే."

ఇక చూడండి, ఆ రోజు నుంచి నాకు ఇద్దరు గైడ్లు. కాలేజీలో మేడం, ఇంట్లో నాయిన. కుడిభుజం ఇంకింత దించు అనేవాడు. మెడ గట్ల నిక్కదు, దారం తెగిందా అని నేను ఎడమదిక్కు చూస్తుంట అనేవాడు. నా ఒంటి సంగతి నాకంటే సెన్సర్లకి ఎక్కువ తెలుసా అని ఎగతాళి. నేనూ ఊరుకోలేదు, అంత తెలిసినవాడివి తుంటి ఎందుకు పాడుచేసుకున్నావు అని తిరగబడేదాన్ని. ఇద్దరం అరుచుకుంటుంటే అమ్మ బీడీ కత్తెర చాటలో టంగుమని పడేసేది.

మిగిలింది గుంత. లోతెంత అని నాయినని అడిగాను. ఆయన నాడె ఆపకుండానే చెప్పాడు. "పలక కాడికెళ్లి తొక్కుడు చెక్క దాక మూరన్నర. మీ తాత తవ్వుతుంటే నేను నా మూరతోని కొలిచిన." టేపు తెచ్చి ఆయన మోచేతి నుంచి వేలికొస దాకా కొలుచుకున్నాను. దానికి సగం కలిపి, ఆ లెక్కన తెర మీద నేలని కోసి గుంత గీశాను. పలక పెట్టాను, చెక్కలు పెట్టాను. మెరూన్ రంగు నాయినని తెచ్చి పలక మీద కూర్చోబెట్టి ఆడించాను.

పాదం చెక్క మీద ఆగలేదు. చెక్కలోంచి దూరి, కిందికి దిగిపోయింది. మూడు వేళ్ల మందం అంత.

మొదట ఎముకల పొడుగు తప్పనుకున్నాను. పిక్క మళ్లీ కొలిచాను, తొడ మళ్లీ కొలిచాను. బెల్టులు జారాయేమోనని మళ్లీ కట్టి మళ్లీ రికార్డు చేశాను. ఎన్నిసార్లు చేసినా అదే మూడు వేళ్లు. ఈలోగా మూడు చీరలు దిగాయి. మగ్గం మీద ఆఖరి చీర నడుస్తోంది. గవండీ సోమవారం వస్తానన్నాడు.

శనివారం పొద్దున టేపు తీసుకుని, నేస్తున్న నాయిన కాళ్ల పక్కనే గుంతలోకి దిగాను. చిన్నప్పుడు పడడం తప్ప, నా అంతట నేను అందులోకి దిగింది అదే మొదటిసారి. పలక నుంచి చెక్క దాకా కొలిచాను. మూరన్నర కాదు. మూరన్నర మీద ఇంకో మూడు వేళ్లు.

"నాయినా, నువ్వు చెప్పిన కొలత తప్పు."

"తప్పా?" నాడె ఆగింది. "నా గుంత నాకు తెల్వదా?"

"టేపు అబద్ధం చెబుతుందా?"

"నా చెయ్యి చెప్తదా అబద్ధం?" ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. ఉన్న ఒక్క చీర కూడా నేయనివ్వరా అన్నట్టు మొహం తిప్పేసుకున్నాడు.

నేను గుంతలోనే చతికిలబడ్డాను. తల నేల మట్టానికి కొంచెం పైన ఉంది, కళ్లెదురుగా గుంత అంచు. ఇంట్లో అందరం పైనుంచి చూసేవాళ్లమే, దాన్ని ఎదురుగా చూసినవాళ్లు ఎవరూ లేరు. కింద నల్లటి పాత షాబాద్ బండ. దాని మీద సిమెంటు. ఆ పైన మెరిసే కొత్త ఫర్శీ. మా ఊళ్లో టైల్స్‌ని మరాఠీ వాళ్లలాగే ఫర్శీ అంటాం. రెండేళ్ల కిందట అమ్మ ఎంతో ముచ్చటపడి ఇల్లంతా పరిపించింది. పాత బండ తీయకుండా దాని మీదే వేశారు. ఫర్శీ మీద వేళ్లు ఆనించి చూశాను. ఒకటి, రెండు, మూడు.

తొక్కుడు చెక్కలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. మగ్గం గుంజలూ ఎక్కడివి అక్కడే. మా నాయిన మాత్రం మూడు వేళ్లు పైకి లేచాడు. రెండేళ్లుగా ఆ మూడు వేళ్ల దూరాన్ని ఆయన తుంటి వంచి, ఒక్కో తొక్కుకి ఒక్కోసారి, అందుకుంటున్నాడు.

గుంతలోంచే అరిచాను. ఏం అరిచానో గుర్తు లేదు. అమ్మ చాట పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చింది, మళ్లీ పడ్డాననుకుని.

ఇద్దరినీ కూర్చోబెట్టి తెర మీద చూపించాను. పాత మట్టానికి ఒక బొమ్మ, కొత్త మట్టానికి ఒక బొమ్మ. కొత్త దాంట్లో తొక్కినప్పుడల్లా నడుము కుడి పక్కకి కుంగుతుంది, తుంటి సాగుతుంది, లేస్తుంది. నాయిన రెండు బొమ్మలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత, "ఫర్శీ ఏసిన కొత్తల కాలు అందకపోతుండె. పది దినాలకు అలవాటైంది. ఇగ మర్చిపోయిన" అన్నాడు. తప్పు చేసినవాడిలా అన్నాడు ఆ మాట.

అమ్మ తెర వైపే చూస్తోంది. "దినంల ఎన్నిసార్లు తొక్కుతడే?" అని అడిగింది. లెక్కపెట్టలేనన్ని అన్నాను. ఆవిడ లేచి వెళ్లి చాట ముందు కూర్చుంది. ఆకు చేతిలో ఉంది గానీ, చుట్టలేదు.

ఆఖరి చీర ఆదివారం సాయంత్రం దిగింది. కొత్త పడుగు ఎక్కించాలంటే పాత పడుగు కొసలకి ఒక్కొక్క దారం మెలిపెట్టి అతుకుతారు. అందుకని కొసలు అలాగే ఉంచుతారు. మగ్గం ఎత్తేసేవాళ్లే వాటిని కోసేస్తారు. నాయిన కత్తెర తీసుకున్నాడు.

"కొసలు కొయ్యకు" అంది అమ్మ, తల ఎత్తకుండా.

సోమవారం గవండీ ఇసుక వేసుకుని వచ్చాడు. గుంత ఏదని అడిగాడు. అమ్మ ఆయన్ని లోపలికి తీసుకొచ్చి పలక జరిపింది. "గుంత జోలికి పోకు. గీ పలక కింది ఫర్శీ వలగ్గొట్టు, పాత బండ తేలేదాక" అంది. ఆయన బిత్తరపోయి, "కొత్త ఫర్శీ గదమ్మా!" అన్నాడు. ముట్టుకుంటే మాసిపోతుందన్నట్టు అమ్మ రెండేళ్లుగా రోజుకి రెండుసార్లు తుడిచిన ఫర్శీ అది. అమ్మ ఆయన చేతిలోంచి సుత్తి లాక్కుని మొదటి దెబ్బ తనే వేసింది. ఫర్శీ ఫెళ్లున పగిలింది. నేను ఈల వేశాను. ఆడపిల్లవి ఈలేందే అని తిట్టింది, తిడుతూనే రెండో దెబ్బ వేసింది.

నొప్పి మంత్రం వేసినట్టు మాయమైందని చెప్పను. వారాలు పట్టింది. డాక్టరు నా బొమ్మలు చూసి తుంటికి కసరత్తులు రాసిచ్చాడు, గంటకోసారి లేవమన్నాడు, నేయవద్దని మాత్రం అనలేదు. కొత్త పడుగు మీద రెండో చీర దిగిన రోజున అమ్మ అలవాటు కొద్దీ చేతులు చాపి వచ్చింది. నాయిన అప్పటికే గుంత అంచు మీద ఒక చేయి ఆనించి, పైకొచ్చి నిలబడి ఉన్నాడు. అమ్మ చాపిన చేతులు ఏం చేయాలో తెలియక కొంగు సర్దుకుంది.

కాలేజీలో చివరి పరీక్ష రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ తెర చూసి నొసలు ముడిచాడు. పాదాలు నేల కింద ఉన్నాయేమిటని అడగబోయాడు. నాకంటే ముందు మా మేడమే అందుకుంది. "పాయ జమినీఖాలీచ్ అస్తాత్" అంది, పాదాలు నేల కిందే ఉంటాయని. నాలుగు తరాలుగా తనే మగ్గం నేస్తున్నంత ధీమాగా అంది. నాకు నవ్వూ ఆగలేదు, కన్నీళ్లూ ఆగలేదు.

ఆ సాయంత్రం కొంతం చౌక్‌లో మిఠాయి కొనుక్కుని ఇంటికి వచ్చాను. నాయిన పెట్టె తెరిచి ఒక ముక్క నోట్లో వేసుకుని, లాప్‌టాప్ వైపు గడ్డం చూపించాడు.

"నాకు పలక దించిండ్రు, మంచిగుంది. మరి గాయినకు దించినవా? పాపం, ఇంక గుంజుకుంటనే ఉన్నడేమో."

దించలేదు. పరీక్ష హడావుడిలో పాత రికార్డే వాడాను. బెల్టులు తెచ్చి మళ్లీ నాయినకి కట్టాను, కాసేపు నేయించాను. ఇప్పుడు గుంత కొలత కూడా మార్చాలి. మార్చబోతూ ఆగి, మొట్టమొదట ఆయన మూరతో గీసిన గుంత ఫైలు వెతికాను. తప్పని పక్కన పడేశాను గానీ, తుడిచేయలేదు. దాన్నే తెరిచి, మెరూన్ రంగు నాయినని అందులో కూర్చోబెట్టాను.

నడుము కుంగలేదు. ఎడంగా ఉన్న ఆ బొటనవేలు దిగి, సరిగ్గా చెక్క మీద ఆగింది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు.

నాయిన వేళ్లకంటిన పాకం లుంగీకి తుడుచుకుని, నావైపు తిరిగాడు.

"నా గుంత నాకు తెల్వదా?" అన్నాడు.